మే డే కథలో తప్పిన తేదీలు

సంపాదకులు గారికి నమస్కారం.

మే 1న మీ పత్రికలో వచ్చిన మే డే ప్రత్యేక వ్యాసాన్ని చికాగో పక్కనున్న ఓక్ పార్క్‌లో కూర్చుని ఫోనులో చదివాను. నేను ఇరవై ఆరేళ్లు చికాగోలో తపాలా సార్టింగ్ కేంద్రంలో రాత్రి షిఫ్టు చేసి రిటైరైనవాణ్ణి. తేదీ ముద్ర మసకగా పడిన కవరు చేతికొస్తే ఇప్పటికీ కళ్లజోడు సవరించుకుని చూస్తాను. అలాంటివాడికి ఒకే వ్యాసంలో ఇన్ని తప్పులు కనిపిస్తే నిద్ర పడుతుందా? అందుకే ఈ ఉత్తరం.

1886 మే 1న చికాగో ఊరేగింపు మీద పోలీసులు కాల్పులు జరిపారనీ, నెత్తుటితో తడిసిన చొక్కాను ఒక కార్మికుడు కర్రకు కట్టి ఎత్తితే అదే ఎర్రజెండా అయిందనీ, తర్వాత ఎనిమిది మందిని ఉరి తీశారనీ మీ వ్యాసకర్త రాశారు. ఈ కథ నేనూ చిన్నప్పుడు సభల్లో విన్నాను. చొక్కా దగ్గరికి వచ్చేసరికి వక్త గొంతు వణికేది, మేము చప్పట్లు కొట్టేవాళ్లం. కానీ అది కథే.

మే 1 శనివారం. ఎనిమిది గంటల పనిదినం కోసం దేశమంతటా లక్షల మంది పని ఆపేశారు. 1884లో చికాగోలోనే జరిగిన కార్మిక సంఘాల మహాసభ పెట్టిన గడువు అది. చికాగోలో ఆ రోజు ప్రశాంతంగానే గడిచింది. కాల్పులు జరిగింది సోమవారం, మే 3న, మెకార్మిక్ కోత యంత్రాల కర్మాగారం దగ్గర. అక్కడ ఫిబ్రవరి నుంచే లాకౌట్. పాతవాళ్ల స్థానంలో తెచ్చిన కొత్త కూలీలు షిఫ్టు దిగి బయటికి వస్తుండగా గొడవ మొదలైంది, పోలీసులు తుపాకులు పేల్చారు. కనీసం ఇద్దరు చనిపోయారు. ఇక ఎర్రజెండా అంటారా, అంతకు పదిహేనేళ్ల ముందే, 1871లో, పారిస్ నగరాన్ని కొన్ని వారాలు కార్మికులు ఏలిన పారిస్ కమ్యూన్ మీద ఎగిరింది. చికాగో అరాచకవాదులు, అంటే ప్రభుత్వమే అక్కర్లేదనే కార్మిక విప్లవవాదులు కూడా అప్పటికే దాన్ని పట్టుకుని ఊరేగుతున్నారు. చొక్కా చింపాల్సిన అవసరం ఎవరికీ రాలేదు.

మర్నాడు, మే 4 రాత్రి, హేమార్కెట్ దగ్గర నిరసన సభ. హేమార్కెట్ అంటే గడ్డి సంత. వక్తలకు వేదిక కూడా లేదు, డెస్‌ప్లేన్స్ వీధిలో నిలిపి ఉన్న ఒక బండి ఎక్కి మాట్లాడారు. నగర మేయర్ కార్టర్ హారిసన్ స్వయంగా వచ్చి జనంలో నిలబడి విన్నాడు. సభ శాంతంగానే ఉందని పోలీసు స్టేషనుకు వెళ్లి చెప్పి, ఇంటిదారి పట్టాడు. వాన పట్టేలా ఉండటంతో జనం కూడా పలచబడ్డారు. చివరి వక్త శామ్యూల్ ఫీల్డెన్ ఇక ముగించబోతుండగా 176 మంది పోలీసులు కవాతు చేస్తూ వచ్చి సభ చాలించమన్నారు. మేము శాంతంగానే ఉన్నామని ఫీల్డెన్ అన్నాడు. అంతలో బాంబు పడింది. ఆ చీకట్లో పోలీసులు ఇష్టమొచ్చినట్టు కాల్చారు. ఏడుగురు పోలీసులు పోయారు, సామాన్యులు కనీసం నలుగురు. బాంబు విసిరింది ఎవరో ఈనాటికీ తేలలేదు.

మీ వ్యాసంలో ఈ ముక్కలేవీ లేవు. మేయర్ లేడు, వాన మబ్బు లేదు, బండి లేదు. నాకు కష్టం కలిగించింది అదే. పటాటోపం కోసం కల్పించిన చొక్కాను నిలబెట్టడానికి అసలు జరిగినదాన్ని పక్కకు నెట్టేశాం.

విచారణ సంగతి ఇంకా విడ్డూరం. ముద్దాయిలు ఎనిమిది మంది, ఆ అరాచకవాదులే. బాంబు పడిన క్షణంలో అక్కడ ఉన్నది వాళ్లలో ఇద్దరే: ఫీల్డెన్, ఆగస్ట్ స్పైస్. ఒకరు బాంబు వేశారని కాదు, మీ మాటలూ రాతలూ బాంబు వేయించాయని శిక్ష వేశారు. ఆల్బర్ట్ పార్సన్స్ అయితే పోలీసులకు దొరకకుండా విస్కాన్సిన్‌లో తలదాచుకున్నవాడు, విచారణ మొదలయ్యే రోజున తనంతట తానే కోర్టులోకి నడిచి వచ్చాడు. క్షమాభిక్ష కోరుతూ అర్జీ పెట్టుకుంటే ప్రాణం దక్కేదేమో, ససేమిరా అన్నాడు. ఉరి తీసింది నలుగురిని: పార్సన్స్, స్పైస్, అడాల్ఫ్ ఫిషర్, జార్జ్ ఎంగెల్. తేదీ 1887 నవంబరు 11, మే నెల కానే కాదు. ఐదోవాడు లూయీ లింగ్ ముందు రోజే జైలు గదిలో పేలుడు పదార్థం నోట పెట్టుకుని చనిపోయాడు. మిగిలిన ముగ్గురినీ 1893లో ఇల్లినాయ్ గవర్నర్ జాన్ ఆల్ట్‌గెల్డ్ విడిచిపెట్టాడు. జూరీని ఏరికోరి కూర్చారనీ, జడ్జి పక్షపాతం చూపాడనీ కుండబద్దలు కొట్టినట్టు రాసి మరీ విడిచిపెట్టాడు. ఆ తర్వాతి ఎన్నికల్లో ఓడిపోయాడు.

ఇక్కడివాళ్లకు ఇవేమైనా తెలుసా అంటే అదీ అంతంతమాత్రమే. నాతో పనిచేసిన ఒక కుర్రవాడు, పుట్టి పెరిగింది చికాగోలోనే, మే డే రష్యావాళ్ల పండగ కాదా అని నన్నడిగాడు. కుర్రవాణ్ణి అనేం లాభం? అమెరికాలో లేబర్ డే సెప్టెంబరు మొదటి సోమవారం. ఆ చట్టం మీద అధ్యక్షుడు క్లీవ్‌లాండ్ సంతకం పెట్టింది 1894 జూన్ 28న. పుల్‌మన్ రైలు పెట్టెల కార్మికుల సమ్మెకు మద్దతుగా రైళ్లు ఆగిపోతున్న రోజులవి. సంతకం తడి ఆరీ ఆరకముందే, వారం తిరక్కుండానే, అదే క్లీవ్‌లాండ్ చికాగోకు సైన్యాన్ని పంపాడు. ఒక చేత్తో సెలవు, ఇంకో చేత్తో తుపాకీ. 1958లో అధ్యక్షుడు ఐసెన్‌హోవర్ వచ్చి మే 1ని చట్ట దినంగా ప్రకటించాడు. కోర్టు చేసిన పనికి గుర్తుగానేమో అని మా పక్క మెషిను పెద్దాయన నవ్వేవాడు.

ఆ పెద్దాయన గురించి రెండు మాటలు రాయనివ్వండి. ఆయన న్యూయార్క్ నుంచి బదిలీ మీద వచ్చినవాడు, 1970 మార్చి తపాలా సమ్మెలో ఉన్నవాడు. ఇక్కడ కేంద్ర ప్రభుత్వోద్యోగులు సమ్మె చేస్తే అప్పుడూ నేరమే, ఇప్పుడూ నేరమే. అయినా రెండు లక్షల మంది పైచిలుకు పని మానేశారు. ఉత్తరాలు సార్టింగ్ చేయడానికి అధ్యక్షుడు నిక్సన్ న్యూయార్క్‌కు సైనికులను పంపాడు. వాళ్లు ఒక పేట ఉత్తరాలు ఇంకో పేట గూట్లో పడేస్తుంటే కడుపుబ్బ నవ్వుకున్నామని ఆయన చేతులు తిప్పుతూ చెప్పేవాడు. ఆ ఏడే వచ్చిన చట్టంతో తపాలా యూనియన్లకు జీతాల మీద బేరమాడే హక్కు దక్కింది. మా హాజరు గడియారంలో నిమిషాలుండవు, గంటను నూరు భాగాలు చేస్తారు. రోజులో ఎనిమిది గంటలు దాటాక చేసిన పనికి ఒకటిన్నర రెట్లు కట్టాలని ఒప్పందంలో ఉంది. తెల్లవారుజామున ఆ అంకె ఎనిమిది దాటడం చూసినప్పుడల్లా నాకు ఆ బండీ, ఆ వాన మబ్బూ గుర్తొచ్చేవి.

ఒక చేదు సంగతి కూడా మన వ్యాసాల్లో కనిపించదు. హేమార్కెట్‌కు ఎనిమిది నెలల ముందు, 1885 సెప్టెంబరు 2న, వయోమింగ్‌లోని రాక్ స్ప్రింగ్స్‌లో తెల్ల గని కార్మికులు 28 మంది చైనా కార్మికులను చంపేశారు. ఆ కాలపు అతిపెద్ద కార్మిక సంఘం నైట్స్ ఆఫ్ లేబర్ చైనావాళ్లను చేర్చుకునేదే కాదు. 1907లో వాషింగ్టన్ రాష్ట్రంలోని బెల్లింగ్‌హామ్‌లో రంపపు మిల్లుల్లో పనిచేసే భారతీయులను, ఎక్కువమంది సిక్కులను, తెల్ల కార్మికుల గుంపులు రాత్రికి రాత్రి ఊరి నుంచి తరిమేశాయి. ఎనిమిది గంటల జెండా పట్టిన చేతులే కొన్నిచోట్ల కర్రలూ పట్టాయి. నేను ఇరవై ఆరేళ్లు యూనియన్ చందా కట్టినవాణ్ణి, ఇది రాయడానికి నాకేమీ సంతోషంగా లేదు.

ఏటా నవంబరు 11న ఫారెస్ట్ పార్క్‌లోని శ్మశానానికి వెళ్తాను. ఉరితీసిన నలుగురినీ, లింగ్‌నూ అక్కడే పాతిపెట్టారు. వాళ్ల మీద కంచు విగ్రహం ఉంది: ముసుగు కప్పుకున్న ఒక స్త్రీ, ఆమె పాదాల దగ్గర పడిపోయిన కార్మికుడు, అతని తల మీద ఆమె ఉంచుతున్న ఆకుల కిరీటం. కింద రాతి మీద 1887 అన్న అంకెలు, స్పైస్ ఉరికంబం మీద అన్న మాట: ఈనాడు మీరు నొక్కేస్తున్న గొంతులకన్నా మా మౌనానికే ఎక్కువ శక్తి ఉండే రోజు వస్తుంది. ఎవరెవరో యూనియన్ బ్యాడ్జీలు, చిల్లర నాణేలు, ఎండిన గులాబీలు పెట్టి పోతుంటారు. పోయినసారి ఒక తపాలా బ్యాడ్జీ కూడా కనిపించింది. నాది కాదు.

సవరణ వేస్తే ఆ వ్యాసం వచ్చిన పేజీలోనే వేయండి, లోపలి పేజీలో చిన్న అక్షరాల్లో వద్దు. పిల్లలను చూడటానికి చికాగో వచ్చే మీ పాఠకులకు ఒక మాట: బ్లూ లైన్ రైలు ఎక్కి చివరి స్టేషన్ ఫారెస్ట్ పార్క్‌లో దిగితే శ్మశానం నడిచే దూరమే. నవంబరులో వస్తే చలికోటు మరచిపోవద్దు.

ఇట్లు,
ఒక పాత తపాలా ఉద్యోగి,
ఓక్ పార్క్, ఇల్లినాయ్