గ్లాసు నా చేతికిచ్చిన అటెండరు గారికి
రెండు సెంట్ల గట్టు కోసం మా అన్నయ్యతో తొమ్మిదేళ్లు మాటల్లేకుండా గడిపిన నేను, కోర్టు కేసులను రాజీతో ముగించే కిందటి జాతీయ లోక్ అదాలత్ రోజున కూడా కోర్టు వరండాలో ఆయనకు ఎడమొహంగానే కూర్చున్నాను. పరగడుపున వచ్చిన అన్నయ్యకు కళ్లు తిరిగినప్పుడు, పంచదార నీళ్లు కలిపి తెచ్చిన పెద్దవయసు అటెండరు గారు ఆ గ్లాసును నా చేతికిచ్చి, "మీరు పట్టించండి బాబూ, నాకు చేతులు వణుకుతాయి" అన్నారు. ఆ చేతులు వణకడం నేనైతే చూడలేదు. అన్నయ్య తల నా భుజానికి ఆనించుకుని గుటక గుటకగా తాగించాను. మధ్యాహ్నానికి రాజీపత్రం మీద ఇద్దరమూ సంతకాలు చేశాము. 1987 నాటి న్యాయ సేవల అధికార సంస్థల చట్టం ప్రకారం, ఆ రాజీ మీద లోక్ అదాలత్ ఇచ్చే అవార్డుపై, అంటే తీర్పుపై, అప్పీలు లేదు, కట్టిన కోర్టు ఫీజు కూడా వాపసు వస్తుంది. రాజీ కుదిర్చింది లోక్ అదాలత్ బెంచీ అని కాగితంలో ఉంది. అటెండరు గారూ, మీ పేరు అడగడం మరచాను. మా అన్నదమ్ములిద్దరి కృతజ్ఞతలు స్వీకరించండి.