గోల్డెన్ ఏల్ ట్యాప్ ఎందుకు ఆపేశామంటే

పోయిన శుక్రవారం పెట్టిన బెల్జియన్ గోల్డెన్ ఏల్‌ని (బెల్జియం తరహా బంగారు రంగు బీరు) ఆదివారం రాత్రే ట్యాప్ నుంచి తీసేశాం. బోర్డు మీద ఆల్కహాల్ 7.9 శాతం అని రాశాం. అది తప్పు. మీ గ్లాసుల్లోకి వచ్చింది 6.8 శాతం బీరు, పైగా తియ్యటి బీరు. ఆ మూడు రోజుల్లో తాగినవాళ్లందరూ మమ్మల్ని క్షమించాలి.

ఆదివారం మా పాత కస్టమర్ ఒకతను రెండు గుక్కలు తాగి గ్లాసు పక్కన పెట్టేశాడు. "అన్నా, నాలుక మీద పాకంలా అంటుకుంటోంది, పోయినసారి ఇట్లా లేదు" అన్నాడు. లోపలికెళ్లి ట్యాంకులోంచి కొంచెం పట్టి, గ్యాసంతా పోయేదాకా గిలక్కొట్టి, బీరులో ఇంకా ఎంత తీపి మిగిలిందో చూపే హైడ్రోమీటర్ వేశాను. 1.018 దగ్గర ఆగింది. 1.070తో మొదలైన బీరు పులిసేకొద్దీ 1.010కి దిగాలి. బోర్డు మీద అంకె రెసిపీ చూసి రాసేశాను, చివరి రీడింగ్ తీసుకోలేదు. ఆ తప్పు నాదే.

ఈ రకం బీర్లలో అందరికీ తెలిసింది డ్యూవెల్, బెల్జియంలో బ్రేండాంక్ ఊళ్లో మోర్ట్‌గాట్ వాళ్లది. దానిలో ఆల్కహాల్ 8.5 శాతం. మన దేశంలో బీరు 8 దాటకూడదు కాబట్టి మేం కిందే ఆపుతాం. లేత బంగారు రంగు, తెల్లటి మందపాటి నురగ, పియర్ పండు వాసన, చివర్లో కాస్త మిరియం ఘాటు. అంత స్ట్రాంగైనా గొంతులోంచి తేలిగ్గా దిగిపోవాలి. అందుకే పిల్స్‌నర్ మాల్ట్‌కి (మొలకెత్తించి ఆరబెట్టిన లేత రంగు బార్లీకి) పంచదార కలుపుతారు. పంచదార మొత్తం పులిసిపోతుంది కాబట్టి బీరుకి బరువు మిగలదు. వినడానికి విచిత్రంగా ఉంటుంది గానీ, ఇందులో తీపి తగ్గించేది పంచదారే.

మేం ఆ పంచదారంతా మరిగేటప్పుడే ఒకేసారి పోసేశాం. బీరుని పులియబెట్టే ఈస్ట్ ముందు సులువైన పంచదారని తినేసి మాల్ట్ తీపి దగ్గరికొచ్చేసరికి నెమ్మదించింది. అప్పుడు వెచ్చగా ఉంచి ఓపిక పట్టాల్సింది. వీట్ (గోధుమ) బీరుకి ట్యాంకు కావాలని ఆరో రోజునే చల్లబెట్టేశాం. చలికాలంలో ఇడ్లీ పిండి పొంగనట్టే, ఈస్ట్ పని సగంలో వదిలేసి అడుక్కి చేరింది.

మిగిలిన బీరంతా పారబోశాం. కొత్త బ్యాచ్ ట్యాంకులో ఉంది. పంచదార సగం మూడో రోజు, సగం ఐదో రోజు వేశాం. 18 డిగ్రీల్లో మొదలుపెట్టి మెల్లగా పెంచుతున్నాం, ఇవాళ 23. పొద్దున రీడింగ్ 1.024. వరసగా మూడు రోజులు అంకె కదలకపోతేనే చల్లబెడతాం, ఆ తర్వాత ఇంకో మూడు వారాలు ఊరనిస్తాం. వీట్ బీరు ఈ నెల తక్కువే ఉంటుంది.

ఆ మూడు రోజుల్లో గోల్డెన్ ఏల్ తాగినవాళ్లు కౌంటర్‌లో చెప్పండి, డబ్బులు వెనక్కిస్తాం. బిల్లు లేకపోయినా ఇస్తాం.