పెద్దచెరువు దగ్గర చదివిన పేజీ

ఒరేయ్ శీనూ,

నీ ఉత్తరం వచ్చి రెండు నెలలైంది. కోప్పడకు. అమ్మకి మోకాళ్ల నొప్పులు తగ్గాయి, చెల్లికి నంద్యాల బదిలీ అయింది, ఇంటికి సున్నాలు వేయించాం. అంతా బాగే. ఇక అసలు సంగతి చెప్పకపోతే నాకు నిద్ర పట్టదు.

ఉగాదికి ముందు ఆత్మకూరు నుంచి శ్రీశైలం నడిచి వెళ్లానురా! అడవి దారిన!

విజయనగరంలో బొంకుల దిబ్బ దగ్గర నిలబడి కన్యాశుల్కం మొదటి రంగం చదువుకున్న సాయంత్రం గుర్తుందా? (బజ్జీల బండాయనకి నువ్వు పెట్టిన పేరు ఇక్కడ రాయను.) అప్పటి నుంచి ఏ ఊరెళ్లినా ఆ ఊరి పుస్తకం వెతుక్కుని పట్టుకెళ్తున్నాను. ఈసారి తిరగబడింది. ముందు పుస్తకం దొరికింది, దాని వెంట నేను వెళ్లాను.

ఏనుగుల వీరాస్వామయ్య గారి కాశీయాత్ర చరిత్ర. మద్రాసు సుప్రీం కోర్టులో దుభాషీ ఆయన. 1830 మే 18న బయల్దేరి, కాశీ చూసుకుని, 1831 సెప్టెంబర్ 3న ఇల్లు చేరారు. దారి పొడవునా చూసిందంతా ఎవరికి రాసి పంపారనుకున్నావ్? కోమలేశ్వరపురం శ్రీనివాసపిళ్లె అనే స్నేహితుడికి! చూశావా, ఆయనకీ ఒక శీను. ఆయన పోయాక 1838లో అచ్చువేయించింది కూడా ఆ శీనే. ఇది చదివిన రాత్రి నువ్వు బాగా గుర్తొచ్చావు.

ఆయన శ్రీశైలం వెళ్లింది ఈ దారినే. అందుకే జిరాక్స్ కాగితాలు సంచిలో పెట్టుకున్నాను. నాగలూటి దాటేసరికి కాళ్లు మొద్దుబారాయి. ఎటు చూసినా కన్నడ యాత్రికులే, ఉగాదికి వేలమంది నడిచి వస్తారు. భ్రమరాంబ వాళ్ల ఆడపడుచట. పుట్టింటివాళ్లు కూతుర్ని చూడ్డానికి వెళ్లినట్టే వెళ్తారు.

రాత్రి పెద్దచెరువు దగ్గర ఆగాం. ఫోన్ లైటు వేసుకుని కాగితాలు తీసి, పైకే చదువుకుంటున్నాను. పక్కన చాప మీద ఒక పెద్దావిడ, డెబ్బై దాటి ఉంటాయి. తెలుగు రాదు. నా నోట "నాగలూటి" అని వినగానే లేచి కూర్చుంది. "పెద్దచెరువు" అన్నాను. చెరువు వైపు చెయ్యి చూపించింది. తర్వాతి పేరు నేను చదవకముందే ఆవిడే అంది: "భీమన కొళ్ల!"

ఒళ్లు జలదరించింది శీనూ. కాగితంలోనూ అదే ఉంది, భీముని కొల్లం. దాదాపు రెండు వందల ఏళ్ల కిందట ఒకాయన స్నేహితుడికి రాసిన దారి, చదువు రాని ఆవిడకి నోటికొచ్చు. వాళ్లమ్మ వెంట చిన్నప్పుడే నడిచిందట. అది ఆవిడ చేతులతో చెప్పింది, నేను అర్థం చేసుకున్నాను. ఆ తర్వాత నన్ను ఆపనివ్వలేదు, పేరు వచ్చినప్పుడల్లా తల ఊపుతూ వింది. కందనూరు (అంటే మన కర్నూలు) నవాబు యాత్రికుల దగ్గర పన్ను వసూలు చేసేవాడన్న చోటికి వచ్చేసరికి గురక. నవ్వొచ్చింది, వెంటనే ఏడుపూ వచ్చింది. మా నాయనమ్మ కూడా నేను చదువుతుంటే ఇలాగే...

సరే. తెల్లారి భీముని కొల్లం. ఆ లోయలోకి దిగే రాతి మెట్లు చూస్తే గుండె ఆగుతుంది. మళ్లీ అవతలి గట్టు ఎక్కాలి. ఆవిడ నా కంటే ముందు ఎక్కేసి, పైనుంచి పిలుస్తూ, నా సంచి వైపు చూపించి

ఉండరా, పోస్టు మూసేస్తారు, పది నిమిషాలే ఉంది. పైన ఆవిడ ఏం చదివించుకుందో వచ్చే ఉత్తరంలో రాస్తాను. జిరాక్స్ ఇందులోనే పెడుతున్నాను, నలపకు.

నీ
బాబ్జీ