మూసీ నీటితోపాటు అడుగు బురదను కూడా పరీక్షించండి

గౌరవనీయులైన మత్స్యశాఖ మంత్రివర్యులకు,

హైదరాబాద్ దిగువన మూసీలో మూడు తరాలుగా వల వేసి బతుకుతున్న కుటుంబం మాది. ఇదే విషయంపై సంబంధిత కార్యాలయంలో నాలుగుసార్లు వినతిపత్రం ఇచ్చాం. ఒక్కసారే జవాబు వచ్చింది; అందులో నీటి పరీక్ష లెక్కలున్నాయి గానీ మేము అడిగిన బురద గురించి ఒక్క మాట లేదు.

నగరపు మురుగుతో, పారిశ్రామికవాడల వ్యర్థాలతో దశాబ్దాలుగా కొట్టుకొచ్చిన సీసం, కాడ్మియం, క్రోమియం వంటి లోహాలు ఒండ్రుకు అంటుకొని కత్వల (నదికి అడ్డంగా కట్టిన చిన్న ఆనకట్టల) వెనుక పొరలు పొరలుగా పేరుకున్నాయి. మార్పు, జెల్ల వంటి చేపలు ఆ అడుగునే తిరుగుతూ, ఆ బురదలోని పురుగులనే తింటాయి. లోహాలు వాటి మొప్పల్లో, కాలేయంలో, మూత్రపిండాల్లో చేరతాయి. చిన్న చేపలను తిని బతికే కొర్రమీను, మన రాష్ట్ర చేప, దానికీ ఈ విషం తప్పదు.

తొలి వరదకు బురద కదిలినప్పుడు నీటిలోని ప్రాణవాయువు హరించుకుపోయి, అడుగున మగ్గిన అమ్మోనియా, సల్ఫైడు పైకి వచ్చి, తెల్లవారేసరికి చేపలు తెల్లటి పొట్టలతో తేలుతాయి. రెండు రోజుల తర్వాత వచ్చినవారు అప్పటి నీటిని సీసాలో పట్టుకెళ్లి, అంతా బాగానే ఉందని రాస్తారు. అయ్యా, చేపలను చంపిన నీరు అప్పటికే దిగువకు వెళ్లిపోయి ఉంటుంది.

పుండ్లున్న చేపలను మేమే ఏరి పారేస్తున్నాం. ఆ పుండ్లన్నీ లోహాల వల్లే వచ్చాయని మేము అనడం లేదు. శిలీంధ్రం వల్ల వచ్చే జబ్బు ఉందని మాకూ తెలుసు. ఏది దేని వల్లనో తేల్చమనే ప్రాధేయపడుతున్నాం. పైకి నిగనిగలాడే చేప కండలో ఏముందో మా కళ్లకు కనిపించదు, దాన్నే మా పిల్లలకు వండిపెడుతున్నాం.

మురుగు శుద్ధి కేంద్రాలు కడుతున్నందుకు సంతోషమే. అవి ఇకపై వచ్చే మురుగును శుద్ధి చేస్తాయి, ఇప్పటికే అడుగున ఉన్నదాన్ని కాదు. పూడిక తీస్తామంటే మరీ భయంగా ఉంది. పరీక్షించకుండా యంత్రాలతో కెలికితే విషమంతా ఒక్కసారిగా నీటిలో కలుస్తుంది, గట్టున పోస్తే పొలాల్లోకి దిగుతుంది. ఉచిత చేపపిల్లలను వదిలే ముందైనా బురదను, ఉన్న చేపల కాలేయాన్ని, మొప్పలను పరీక్షించి, ఫలితాలను మా సంఘానికి తెలుగులో ఇప్పించండి.

బురద ఎక్కడ నడుముల్లోతు ఉందో మాకు తెలుసు. పుట్టిని మేమే తెస్తాం. వానాకాలం రాకముందే మీ శాస్త్రవేత్తలను పంపించండి.

ఇట్లు,
మూసీ తీరపు మత్స్యకారుడు