బాత్ బాంబుకు పన్నీరు వద్దు

సంపాదకులకు,

బాత్ బాంబు అంటే స్నానపు నీళ్లలో వేస్తే బుసబుసా పొంగి కరిగే సువాసన ఉండ. ఇంట్లో దాని తయారీపై వచ్చే చిట్కాల్లో ఒక సలహా మాటిమాటికీ కనబడుతోంది. పొడులు కలిపాక పన్నీరో (గులాబీ నీరు) నిమ్మరసమో చల్లి ఉండ చుట్టమంటారు. అలా చేస్తే పొంగంతా గిన్నెలోనే పోతుంది. వంట సోడా, నిమ్మ ఉప్పు (సిట్రిక్ యాసిడ్) పొడిగా ఉన్నంతసేపూ కదలవు. నీటి తడి తగిలితే చాలు, కార్బన్ డయాక్సైడ్ బుసబుసా వస్తుంది. నీళ్లలో రావాల్సిన బుడగలు అరచేతిలోనే వచ్చేస్తే ఇక మిగిలేది ఉప్పు ముద్దే.

కొలతలు తూకంలో ఉండాలి. వంట సోడా 200 గ్రాములు, నిమ్మ ఉప్పు 100 గ్రాములు, కార్న్‌ఫ్లోర్ 50 గ్రాములు, కరిగిన కొబ్బరి నూనె 10 మిల్లీలీటర్లు, లావెండర్ తైలం 15 చుక్కలు. బేకింగ్ పౌడర్ వాడకండి. 100 గ్రాముల నిమ్మ ఉప్పుకు దాదాపు 131 గ్రాముల సోడా సరిపోతుంది. అయినా 200 వేసేది నీళ్లలో పులుపు మిగిలి ఒళ్లు చురచురలాడకుండా ఉండటానికి. నిమ్మ ఉప్పు ప్యాకెట్ మీద 'అన్‌హైడ్రస్' (నీరు లేనిది) అని ఉందో లేదో చూసి కొనండి. 'మోనోహైడ్రేట్' రకంలో 100 గ్రాములకు 8 గ్రాములకు పైగా నీరే ఉంటుంది.

ముక్కుకు మాస్కు కట్టుకుని పొడులన్నీ జల్లించాలి, నిమ్మ ఉప్పు దుమ్ము ముక్కుకూ కళ్లకూ మంట. నూనె, తైలం కలిపి వేళ్లతో ఉండలు లేకుండా నలపాలి. తడపడానికి నీరు దాదాపు లేని 99 శాతం ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌ను స్ప్రే సీసాలో పోసుకుని, ఒకటి రెండు పిచికారీలు కొట్టి కలుపుతూ పోవాలి. పొయ్యి దగ్గర ఈ పని పెట్టుకోకండి, అది మండుతుంది. పదును తెలియాలంటే సున్నుండ చుట్టేటప్పటి చెయ్యి గుర్తు తెచ్చుకోండి: గుప్పెట్లో నొక్కితే ముద్ద నిలవాలి, వేలితో తడితే విరగాలి. అచ్చు రెండు సగాలనూ కాస్త ఎత్తుగా నింపి, తిప్పకుండా నేరుగా కలిపి నొక్కాలి. ఐదు నిమిషాలాగి మెల్లగా తట్టి తీసి, ఫ్యాను గాలిలో ఒక రోజు ఆరనివ్వాలి.

పొడిపొడిగా రాలిపోతే తడి చాలలేదన్నమాట, లేదా కొందరు అదనంగా కలిపే గరుకు ఎప్సమ్ సాల్ట్ ఎక్కువైంది. ఆరాక బీటలిచ్చినా కారణం చాలాసార్లు అదే. మళ్లీ నలిపి, ఒక పిచికారీ కొట్టి, గట్టిగా నొక్కాలి. ఉబ్బి అచ్చులోంచి పైకి వస్తే, ఉండ మీద మొటిమల్లా బుడిపెలు లేస్తే, తడి ఎక్కువైంది. నీళ్లరంగు చుక్కలు వేసినప్పుడూ ఇదే జరుగుతుంది, పొడి రంగు మేలు. రోజు గడిచినా మెత్తగా ఉంటే నూనె తగ్గించండి. చూడటానికి బాగుండి నీళ్లలో పొంగకపోతే అది ముందే పొంగి అయిపోయిందని లెక్క. దాన్ని బాగుచేయలేం.

వానాకాలంలో కాకినాడ, విశాఖ గాలే సగం పని చెడగొడుతుంది. వాన పడే రోజు మొదలుపెట్టకపోవడమే మంచిది, ఏసీ గది ఉంటే అందులో ఆరబెట్టవచ్చు. త్వరగా గట్టిపడుతుందని ఫ్రిజ్‌లో పెట్టకండి. బయటికి తీయగానే పైన చెమ్మ పట్టి నురగ మొదలవుతుంది. పూర్తిగా ఆరాక సిలికా జెల్ పొట్లంతో కలిపి జిప్ కవరులో దాచండి. చెమ్మ ఉండగా గాజు సీసాలో బిగిస్తే లోపల వాయువు పేరుకుని మూత ఎగరవచ్చు, సీసా పగలవచ్చు.

మన ఇళ్లలో బాత్‌టబ్‌లు అరుదు కాబట్టి నిమ్మకాయంత ఉండలు చేసి, బేసిన్‌లో గోరువెచ్చని నీళ్లు పోసి పాదాలకు వాడుకోవడం అనువైన దారి. కొబ్బరి నూనె నేల మీద జారుతుంది, వాడాక బండలు కడగాలి. పుండ్లున్నవారు, మధుమేహంతో పాదాల్లో స్పర్శ తగ్గినవారు దీని జోలికి పోకూడదు. చిట్కా అచ్చువేసేటప్పుడు ఈ జాగ్రత్తనూ గ్రాముల కొలతలనూ తప్పక చేర్చాలని మనవి.

- ఒక పాఠకురాలు, కాకినాడ