శ్రీకాంత్‌కు బాపు రాసేది

చిరంజీవి శ్రీకాంత్‌కు,

ఇక్కడ అందరం మంచిగున్నం. అవ్వకు మోకాళ్ల నొప్పి తగ్గింది. నాయనమ్మ రెండు పూటలా గటుక తాగుతున్నది. షాపుల బోరు మోటార్లు మస్తు వస్తున్నయి, రోజుకు మూడు నాలుగు కాలిన వైండింగులు. ఫోన్ చేస్తే "మీటింగ్‌ల ఉన్న బాపు" అంటున్నవు గద, అందుకే రాస్తున్న.

మొన్న సంపత్ బావ వచ్చిండు. చాయ్ తాగుకుంట, నిన్ను అర్ధరాత్రి ఎన్టీఆర్ మార్గ్ మీద చూసిన్నని, నాలుగు బండ్లు పోటీ పడి పోతున్నయని అన్నడు. అవ్వ వినలే. నేను గూడ పట్టించుకోలే.

ఆ రోడ్డు పేరు వినంగనే మనిద్దరం రేసుకు పోయిన రోజు యాదికొచ్చింది. 2023 ఫిబ్రవరి 11, శనివారం. మన దేశంల మొదటి ఫార్ములా ఈ, అంటె కరెంటు కార్ల రేసు. అంతకుముందు 2022 నవంబర్‌ల అక్కడనే ఇండియన్ రేసింగ్ లీగ్ పెడితే అసలు పోటీ జరగనే లేదని, డిసెంబర్‌ల జరిగిందని బస్సుల నువ్వే చెప్పినవు. ఎప్పుడో 1562 నాటి కుతుబ్‌షాహీల చెరువు హుస్సేన్‌సాగర్, దాని ఒడ్డున రోజూ ఆర్టీసీ బస్సులు తిరిగే రోడ్డు. దానికే సిమెంటు గోడలు, మీద ఇనుప జాలీలు కట్టి 2.83 కిలోమీటర్ల ట్రాక్ చేసిండ్రు, 18 మలుపులు. నేను చెవుల్ల దూది పెట్టుకుంటే నువ్వు నవ్వినవు. నిజంగనే అవసరం పడలే. కొత్త బేరింగు వేసిన మోటారును లోడు లేకుండ తిప్పితే సన్నగ కూత పెడ్తది చూడు, గట్లనే వచ్చింది, వచ్చినంత సేపట్లనే పోయింది. తర్వాత దుమ్ము, రబ్బరు వాసన.

వెనక చక్రాలకు మామూలు బ్రేకే లేదని నువ్వంటే నేను నమ్మలే. డ్రైవర్ బ్రేకు తొక్కితే మోటారే డైనమో అయి బండిని ఆపుతది, ఆ కరెంటు మళ్ల బ్యాటరీకి పోతది. ముప్పై ఏండ్ల నుంచి మోటార్లు విప్పుతున్న నాకు ఆ రోజు కొడుకు పాఠం చెప్పిండని ఇంటికొచ్చి అందరికి చెప్పుకున్న. వెర్న్ అనే డ్రైవరు గెలిచిండు. రెండో ఆయనకు అర సెకను గూడ తేడా లేదు. మూడోగ వచ్చినాయన మాత్రం, వాడాల్సిన దానికంటె ఎక్కువ పవర్ వాడిండని 17 సెకన్లు శిక్ష పడి ఎక్కడికో వెనక్కి పోయిండు. అంత పెద్ద డ్రైవరుకే లెక్క ఉన్నది బిడ్డా. అందరికంటె ముందు నిలబడి మొదలుపెట్టినాయనను హెయిర్‌పిన్ లెక్క వంగిన మలుపుల సొంత జట్టు కారే గుద్దింది. ఇద్దరు రేసుల నుంచి బయటికి పోయిండ్రు. వాళ్లకు హెల్మెట్, బెల్టు, పక్కనే డాక్టర్లు. నీకేమున్నది? డివైడరు, లైటు స్తంభం. సంపత్ బావ నిన్ను చూసింది ఆ చెరువు పక్కనే గద.

2024 ఫిబ్రవరి 10న మళ్ల పోదామని పైసలు దాచినవు, జనవరిలనే రద్దయింది. నీకెంత బాధైందో నాకెరుక. గని ఆ గోడలు తీసేసినంక అది ట్రాక్ కాదు బిడ్డా. పిల్లగాండ్లను ఎత్తుకొని ఐస్‌క్రీం కొనిచ్చే సంసారులు దాటే రోడ్డు. తిట్టొద్దనే మొదలుపెట్టిన, మళ్ల గదే చేస్తున్న.

బండికి ముందు టైరు అరిగిందని దసరాకే చెప్పిన, మార్చినవా? అన్నం టైముకు తింటున్నవా? మూడు వారాలాయె, వీడియో కాల్ చెయ్యవు, అన్ని వాయిస్ మెసేజులే. అండ్ల నడుస్తున్న చప్పుడు గూడ వినొస్తలేదు. రూము నాలుగో అంతస్తు, లిఫ్టు లేదంటివి. మెట్లు ఎక్కుతున్నవా?

హన్మకొండ బస్టాండ్‌ల పార్శిల్ వేసిన, రేపు వస్తది. సకినాలు, మామిడికాయ తొక్కు. డబ్బా అడుగున తువ్వాలల చుట్టి నొప్పుల నూనె పెట్టిన, క్రేప్ బ్యాండేజీ గూడ. అవ్వకు తెల్వదు. పార్శిల్ చేతికి అందంగనే వీడియో కాల్ చెయ్యి. కూసొని కాదు, నిలబడి చెయ్యి.

మీ బాపు