రౌటర్ డబ్బా మీద ఒక తేదీ వేయించండి: కేంద్ర సహాయ మంత్రి పెమ్మసాని చంద్రశేఖర్ గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులు, కేంద్ర కమ్యూనికేషన్స్ శాఖ సహాయ మంత్రి, గుంటూరు ఎంపీ డాక్టర్ పెమ్మసాని చంద్రశేఖర్ గారికి నమస్కారాలు.

నేను తెనాలి దగ్గర కేబుల్ ఆపరేటర్‌ని. ఒకప్పుడు ఇళ్లకు టీవీ కేబుల్ లాగాను, ఇప్పుడు అదే ఇళ్లకు ఫైబర్ ఇంటర్నెట్ ఇస్తున్నాను. మీ నియోజకవర్గంలో ఓటరుని కూడా. ఇళ్లలో వాడే వైఫై రౌటర్ల గురించి ఢిల్లీలో ఏ నిర్ణయం జరిగినా దాన్ని ఇంటింటికీ వెళ్లి అమలు చేయాల్సింది మాలాంటి వాళ్లమే. అందుకే ఈ లేఖ.

2026 మార్చిలో అమెరికా టెలికాం నియంత్రణ సంస్థ ఎఫ్‌సీసీ, విదేశాల్లో తయారయ్యే ఇంటి రౌటర్ల కొత్త మోడళ్లకు అనుమతులు ఆపేసింది. ఆ కబురు మా ఊళ్లకు రావడానికి ఎంతోసేపు పట్టలేదు. ఇక్కడ వీధికి ఒక ఇంట్లోనైనా అమెరికాలో ఉంటున్న పిల్లలున్నారు. డాలస్ నుంచో న్యూజెర్సీ నుంచో అబ్బాయి ఫోన్ చేసి చెబుతాడు, వాళ్లమ్మ మర్నాడు నాకు ఫోన్ చేస్తుంది. "మన డబ్బా చైనాదా బాబూ? మనక్కూడా ఆపేస్తారా? మళ్లీ డబ్బులు కట్టాలా?" అని. ఈ మూడు ప్రశ్నలూ నన్ను చాలామంది అడిగారు. మూడోది అడగనివాళ్లు లేరు.

అక్కడ జరిగింది పూర్తిగా చెబితే కొంత టెన్షన్ తగ్గుతుంది. ఇప్పటికే ఇళ్లలో ఉన్న రౌటర్లు వాడుకోవచ్చు. ఇదివరకే అనుమతి పొందిన మోడళ్లు దుకాణాల్లో అమ్ముకోవచ్చు. కొత్త మోడల్ తేవాలంటే మాత్రం అక్కడి రక్షణ శాఖ లేదా దేశ అంతర్గత భద్రత చూసే హోంల్యాండ్ సెక్యూరిటీ శాఖ నుంచి ప్రత్యేకంగా మినహాయింపు తెచ్చుకోవాలి. చిక్కు ఎక్కడంటే, అమెరికన్ పేరున్న కంపెనీల రౌటర్లు కూడా ఎక్కువగా వియత్నాంలోనో తైవాన్‌లోనో చైనాలోనో తయారవుతున్నవే. చైనా కంపెనీల మీద నిషేధం వస్తుందని ఎదురుచూసిన జనానికి, దాదాపు అన్ని కంపెనీలూ అందులోకి వచ్చేసరికి దిమ్మ తిరిగింది. ఇక కొనడానికి మిగిలేదేమిటని కొందరు, రేట్లు ఎంత పెరుగుతాయోనని కొందరు, ఇది భద్రత కోసమా లేక వ్యాపారం కోసమా అని ఇంకొందరు. వాళ్ల కోపంలో నాకు న్యాయం కనిపిస్తోంది.

అలాగని భయం ఉత్తదని నేను అనను. 2021 సెప్టెంబరు నుంచి చైనాలో ఒక నిబంధన ఉంది. తన ఉత్పత్తిలో భద్రతా లోపం బయటపడితే కంపెనీ 48 గంటల్లో అక్కడి ప్రభుత్వానికి తెలియజేయాలి. లోపాన్ని సరిచేసే అప్‌డేట్ మన ఇంటికి వచ్చేలోపే అది ఆ ప్రభుత్వం చేతిలో ఉంటుంది. సరిహద్దులో గల్వాన్ చూసిన దేశం ఈ విషయాన్ని తేలిగ్గా తీసుకోకూడదు. 2020 జూన్‌లో 59 చైనా యాప్‌లను నిషేధించినప్పుడు మా కస్టమర్లలో చాలామంది చప్పట్లు కొట్టారు, నేనూ కొట్టాను.

కానీ అమెరికా తన నిర్ణయానికి కారణంగా చెబుతున్న దాడుల్లో ఏం జరిగిందో ఒకసారి చూడండి సార్. వోల్ట్ టైఫూన్ అని పిలుస్తున్న చైనా హ్యాకర్లు అమెరికాలో ఇళ్లలో, చిన్న ఆఫీసుల్లో ఉన్న వందలాది రౌటర్లను పట్టుకుని, వాటి చాటున విద్యుత్, నీటి సరఫరా వంటి వ్యవస్థల్లోకి చొరబడే ప్రయత్నం చేశారు. ఆ రౌటర్ల నెట్‌వర్క్‌ను ఛేదించామని 2024 జనవరి 31న అమెరికా న్యాయ శాఖ ప్రకటించింది. ఆ రౌటర్లలో అత్యధికం సిస్కో, నెట్‌గేర్ కంపెనీలవి. రెండూ అమెరికన్ కంపెనీలే. వాటి కాలం తీరిపోయింది, కంపెనీలు అప్‌డేట్లు ఇవ్వడం మానేశాయి, ఇళ్లలో మాత్రం అవి వెలుగుతూనే ఉన్నాయి. తర్వాతి నెలలోనే ఇంకొకటి బయటపడింది. రష్యా సైనిక గూఢచారులు వాడుకున్న రౌటర్లు యుబిక్విటీ అనే మరో అమెరికన్ కంపెనీవి. వాటి యజమానులు కంపెనీ ఇచ్చిన పాస్‌వర్డ్ మార్చలేదు, అంతే.

దొంగ ఏ దేశంవాడైనా కావచ్చు. వాడికి దొరికిన దారి మాత్రం రెండు చోట్లా ఒక్కటే: పట్టించుకునేవాడు లేని పాత డబ్బా, మార్చని పాస్‌వర్డ్. అది ఏ దేశంలో తయారైందన్నది ఆ దారిని మూయలేదు.

ఇది మా ఊళ్లో నేను కళ్లారా చూసిన సంగతే. ఆమధ్య మా కస్టమర్లలో కొందరి ఫోన్లలో, ఇంట్లో వైఫై మీద ఉన్నప్పుడు ఏ సైట్ తెరిచినా బెట్టింగ్ ప్రకటనలు రావడం మొదలైంది. బయటికెళ్లి మొబైల్ డేటా వాడితే ఏమీ ఉండవు. మొదట పిల్లలు ఏవో యాప్‌లు వేశారని ఇళ్లల్లో తిట్లు పడ్డాయి. చూస్తే రౌటర్లో డీఎన్‌ఎస్ సెట్టింగ్ ఎవరో బయటి నుంచి మార్చేశారు. మనం టైప్ చేసిన సైట్ పేరు ఏ చిరునామాకు వెళ్లాలో చెప్పేది అదే. దాన్ని చేజిక్కించుకుంటే బ్యాంకు పేరు కొట్టిన మనిషిని కూడా నకిలీ పేజీకి మళ్లించవచ్చు. ఆ రౌటర్లన్నీ ఒకే మోడల్. అన్నింటికీ యూజర్‌నేమ్ అడ్మిన్, పాస్‌వర్డ్ కూడా అడ్మిన్. బయటి నుంచి లాగిన్ అయ్యే సదుపాయం ఆన్‌లో ఉంది. కొత్త ఫర్మ్‌వేర్ (రౌటర్‌ను నడిపించే లోపలి సాఫ్ట్‌వేర్) కోసం కంపెనీకి ఫోన్ చేస్తే "ఆ మోడల్ ఆపేశాం, కొత్తది కొనమనండి" అన్నారు. ఆ కస్టమర్లలో ఒకాయన దాన్ని కొని మూడేళ్లు కూడా కాలేదు. అది ఏ దేశంలో తయారైందో డబ్బా వెనక రాసి ఉంది. ఎన్నాళ్లు కాపాడతారో మాత్రం ఎక్కడా లేదు.

మీరు డాక్టరు. మందుల షాపులో ఇచ్చే ప్రతి షీటు మీదా గడువు తేదీ ఉంటుంది, అది లేని మందు ముట్టుకోవద్దని మీరే చెబుతారు. ఇంట్లో బ్యాంకు లావాదేవీలు, పిల్లల చదువు, కెమెరా వీడియోలు అన్నీ ఒక్క డబ్బా గుండా పోతున్నాయి. దాని మీద ఆ తేదీ ఎందుకు ఉండకూడదు? "ఈ రౌటర్‌కు భద్రతా అప్‌డేట్లు ఫలానా నెల దాకా ఇస్తాం" అని డబ్బా మీద తెలుగులోనూ అచ్చు వేయించండి. బ్రిటన్‌లో 2024 ఏప్రిల్ 29 నుంచి ఇలాంటి చట్టం ఉంది. అన్ని డబ్బాలకూ ఒకే పాస్‌వర్డ్ పెట్టడం అక్కడ చట్టవిరుద్ధం, భద్రతా అప్‌డేట్లు కనీసం ఎప్పటివరకు ఇస్తారో అమ్మేవాళ్లు ముందే చెప్పాలి. యూరప్ దేశాలు ఇంకా కట్టుదిట్టమైన చట్టం చేసుకున్నాయి, దాని ముఖ్యమైన నిబంధనలు 2027 డిసెంబరు నుంచి అమలవుతాయి. అక్కడివాళ్లు కంపెనీ జెండాను చూడటం కన్నా దాని బాధ్యతను చూస్తున్నారు.

మన దగ్గర పని ఏమీ జరగలేదని నేననడం లేదు. టెలికాం కంపెనీలు తమ నెట్‌వర్క్‌లో వాడే పరికరాలు నమ్మకమైన సంస్థల నుంచే కొనాలని 2020 డిసెంబరులో కేంద్ర మంత్రివర్గం నిర్ణయించింది, 2021 జూన్ నుంచి అది అమల్లో ఉంది. రౌటర్లకు ఎలాంటి భద్రతా పరీక్షలు పెట్టాలో మీ శాఖ కిందే, బెంగళూరులో ఉన్న నేషనల్ సెంటర్ ఫర్ కమ్యూనికేషన్ సెక్యూరిటీ రాసిపెట్టింది. సీసీ కెమెరాల విషయంలో 2025 ఏప్రిల్ నుంచి వచ్చిన నిబంధన నాకు నచ్చింది. ఏ దేశం పేరూ పెట్టకుండా, అందరూ పరీక్షకు రావాల్సిందే అన్నారు. అయితే అప్పుడు ఏమైందో కూడా మీకు తెలుసు. ల్యాబ్‌లు సరిపోవడం లేదని, దరఖాస్తులు పేరుకుపోతున్నాయని తయారీదారులు మొరపెట్టుకున్నారు. పరీక్ష పెట్టేముందు పరీక్ష గది కట్టాలి కదా సార్. రౌటర్ల విషయంలోనూ అదే జరిగితే, సర్టిఫికెట్ ఉన్న రెండు మూడు మోడళ్లు ఎవరి దగ్గరుంటే వాళ్లు చెప్పిందే రేటు అవుతుంది. నెలకు నాలుగు వందలు కట్టడానికే ఆలోచించే ఇంటికి డబ్బా మీద వెయ్యి రూపాయలు పెరిగితే ఆ ఇల్లు కనెక్షన్ వదిలేసుకుంటుంది. లేదా పాత మార్కెట్లో ఎవరో వాడి పారేసిన డబ్బా కొనుక్కుంటుంది. రెండోదే ఎక్కువ జరుగుతుందని నా అనుభవం చెబుతోంది. అప్పుడు భద్రత కోసం పెట్టిన నిబంధన వల్ల ఊరంతా ఇంకా పాత డబ్బాలతో నిండుతుంది.

డబ్బు సంగతి వచ్చింది కాబట్టి అమెరికా నుంచి ఇంకో పాఠం చెప్పాలి. చైనా కంపెనీలైన హువావే, జడ్‌టీఈల పరికరాలను పీకేసి కొత్తవి పెట్టమని అక్కడి పల్లె ప్రాంతాల చిన్న టెలికాం కంపెనీలకు చెప్పారు. ఖర్చు ఇస్తామన్నారు. మొదట కేటాయించింది 190 కోట్ల డాలర్లు, అవసరమని తేలింది దాదాపు 498 కోట్ల డాలర్లు. మిగతా 300 కోట్ల పైచిలుకు మంజూరయ్యేసరికి 2024 డిసెంబరు వచ్చింది. అన్నేళ్లూ ఆ చిన్న కంపెనీలు పాతవి ఉంచుకోలేక, కొత్తవి కొనలేక నలిగిపోయాయి. అంత డబ్బున్న దేశంలోనే అలా అయింది. మా దగ్గర ఇంటింటికీ ఉన్న డబ్బాలు మార్చమని రేపు ఒక ఉత్తర్వు వస్తే ఆ ఖర్చు ఎవరిది? పైన ఉన్న ఇంటర్నెట్ కంపెనీ నా మీద వేస్తుంది, నేను కస్టమర్ మీద వేయాలి. ఆ ఇంటి ముసలమ్మకు ఏమని చెప్పాలో మీరే చెప్పండి.

2017 డిసెంబరులో అప్పటి రాష్ట్రపతి రామ్‌నాథ్ కోవింద్ గారు ఏపీ ఫైబర్‌నెట్‌ను ప్రారంభించినప్పుడు నెలకు 149 రూపాయలకే టీవీ, ఫోన్, ఇంటర్నెట్ అన్నారు. కరెంటు స్తంభాల మీదుగా ఫైబర్ పల్లెల దాకా వెళ్లింది. ఆ తర్వాత ప్రైవేటు కంపెనీలూ వచ్చాయి. పల్లెలకు ఫైబర్ ఇంటర్నెట్ చేర్చే భారత్‌నెట్ పథకం తదుపరి దశకు కేంద్రం 1,39,579 కోట్ల రూపాయలు మంజూరు చేసింది. ఇంత ఖర్చుతో గుమ్మం దాకా తెచ్చిన ఇంటర్నెట్, గుమ్మం లోపల ఉన్న చిన్న డబ్బా దగ్గర ఆగిపోకూడదు. అక్కడ దొంగల పాలూ కాకూడదు.

దేశంలోనే తయారు చేసుకోవాలన్న ఆలోచన నాకు మనస్ఫూర్తిగా ఇష్టం. టెలికాం పరికరాల తయారీకి ప్రోత్సాహకంగా 2021లో 12,195 కోట్ల రూపాయల పథకం తెచ్చారు, మంచిదే. మన పిల్లలకు ఉద్యోగాలొస్తాయి. కానీ లోపలి చిప్ అమెరికాదో తైవాన్‌దో, సాఫ్ట్‌వేర్ ఇంకెక్కడిదో అయి, ఇక్కడ మూత బిగించి స్క్రూలు వేసిన డబ్బాకు "మేడ్ ఇన్ ఇండియా" అని రాస్తే అందులోని లోపం పోదు. ఇక్కడ తయారైన డబ్బాకూ అదే తేదీ, అదే పాస్‌వర్డ్ నిబంధన, అదే పరీక్ష ఉండాలి. స్వదేశీ కంపెనీకి మినహాయింపు ఇస్తే రేపు మోసపోయేది స్వదేశీ కస్టమరే.

ఇంకొక్క విషయం, ఇది బయటివాళ్లకు అంతగా తెలియదు. ఫైబర్ కనెక్షన్‌తో పాటు ఇంటర్నెట్ కంపెనీ ఇచ్చే డబ్బాలను ఆ కంపెనీ తన ఆఫీసులో కూర్చునే మార్చగలదు. పాస్‌వర్డ్ మార్చవచ్చు, కొత్త ఫర్మ్‌వేర్ ఎక్కించవచ్చు, మనిషి ఇంటికి వెళ్లనవసరం లేదు. కాబట్టి డబ్బా ఎవరిస్తే దాని అప్‌డేట్ బాధ్యత వాళ్లదేనని లైసెన్సులోనే రాయండి. అప్‌డేట్ల గడువు తీరిన డబ్బాను కస్టమర్ దగ్గర పైసా తీసుకోకుండా వాళ్లే మార్చాలి. దుకాణంలో కొనుక్కున్న రౌటర్లకు గడువు తీరితే, పాతది తెచ్చిస్తే కొత్తదాని ధరలో తగ్గింపు వచ్చే ఏర్పాటు చేయండి. ఆ పాతవాటిని చెత్తలో పారేయకుండా ఇ-వ్యర్థాల కేంద్రాలకు చేర్చే పని మాకు అప్పగించినా చేస్తాం. ఏ ఇంట్లో ఏ డబ్బా ఉందో మా దగ్గర లెక్క ఉంది.

నిజంగానే ఒక కంపెనీ ప్రమాదకరమని ప్రభుత్వానికి ఆధారాలు దొరికితే నిషేధించండి, మేం అడ్డుపడం. కానీ ఎందుకు నిషేధించారో చెప్పండి. రహస్యాలు బయట పెట్టమని కాదు, ఇళ్లలో ఉన్న డబ్బాను వాడొచ్చా, ఎన్నాళ్లు వాడొచ్చు, దాని అప్‌డేట్లు ఆగిపోతాయా అన్నది మొదటి రోజే చెప్పండి. ఆ మాట ఆలస్యమైతే వాట్సాప్‌లో ఎవడో ఒకడు చెప్పేస్తాడు. ఆ తర్వాత మేం ఎంత చెప్పినా జనం నమ్మరు.

రౌటర్ల మీద మీ శాఖ ఏ ముసాయిదా తెచ్చినా దాన్ని తెలుగులో కూడా విడుదల చేయండి. అభిప్రాయాలు చెప్పడానికి కనీసం అరవై రోజులు ఇవ్వండి. ఒక్కరోజు గుంటూరులో మమ్మల్ని కూర్చోబెట్టుకుని వినండి. తెనాలి, మంగళగిరి, పొన్నూరు, తాడికొండ, ప్రత్తిపాడు ఆపరేటర్లం వస్తాం. ఇళ్లలోంచి తీసేసిన పాత డబ్బాలు తెచ్చి మీ బల్ల మీద పెడతాం. మీ ఇంజనీర్లు వాటిని తెరిచి చూసి, ఏది ఎందుకు పనికిరాదో అక్కడే రాసుకోవచ్చు.

భవదీయుడు,
తెనాలి ప్రాంత కేబుల్, ఇంటర్నెట్ ఆపరేటర్